టీవీలో పెడితే ఎక్స్ స్క్వేర్‌లో 2 మాయమైపోతోంది

ప్రశ్న: నంద్యాలలో ఇంటి దగ్గరే ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. సాయంత్రం పది పన్నెండు మంది వస్తారు. బోర్డు మీద రాసే ఓపిక తగ్గి, నోట్స్ అంతా ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకుని, హాల్లో ఉన్న 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో చూపిస్తున్నాను. హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే పెట్టాను. అయినా అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. కింద స్టార్ట్ బటన్ ఉండే పట్టీ సగమే కనబడుతుంది. వెనక చాప మీద కూర్చున్నవాళ్ళు "మేడమ్, అది ఎక్స్ స్క్వేరా, ఎక్స్ క్యూబా?" అని అడుగుతున్నారు. నీలం స్లైడ్ మీద ఎర్ర అక్షరాలైతే మరీ ముద్దగా ఉంటున్నాయి, నలుపు కూడా నలుపులా లేదు, బూడిద రంగులో ఉంది. ల్యాప్‌టాప్ 2018లో కొన్నది, విండోస్ 10, దాని స్క్రీన్ 1366×768 అని చూపిస్తోంది. షాపతను బంగారు పూత ఉన్న 2,500 రూపాయల కేబుల్ వేస్తే సరిపోతుందంటున్నాడు. మా అల్లుడేమో టీవీ పాతబడింది, 55 అంగుళాల 4కే తీసుకోండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంకొకటి, ఆదివారం మావారు ఇదే ల్యాప్‌టాప్‌లో సినిమాలు పెడితే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. దానికీ ఏదైనా చెప్పండి.
(లెక్కల టీచర్, నంద్యాల)

సమాధానం:

టీచర్ గారూ, ముందు ఆ 2,500 పర్సులోనే ఉంచుకోండి. అల్లుడు గారికి కూడా ప్రస్తుతానికి సరేలే చూద్దాం అని చెప్పేయండి. మీ టీవీకి ఏమీ కాలేదు, మీరు రాసినదాన్ని బట్టి కేబుల్‌కి కూడా ఏమీ కాలేదు. జరుగుతున్నదేంటంటే మీ టీవీ మీ ల్యాప్‌టాప్‌ని సెట్ టాప్ బాక్స్ అనుకుంటోంది, ల్యాప్‌టాపేమో టీవీని తన అద్దం అనుకుంటోంది, ఆ ఇద్దరి మధ్య మీ ఎక్స్ స్క్వేర్ నలిగిపోతోంది.

మీ టీవీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నాయి. ల్యాప్‌టాప్ తెర మీద 1366, 768. ఇప్పుడు మీరు ల్యాప్‌టాప్‌లో కనబడేదే టీవీలోనూ కనబడేలా పెట్టారు కదా, అంటే డూప్లికేట్. అలా పెట్టినప్పుడు విండోస్ రెండు తెరలకీ కుదిరే ఒక సైజు ఎంచుకుంటుంది, అది మీ ల్యాప్‌టాప్ సైజే అయ్యుంటుంది. అక్కణ్ణుంచి వచ్చిన 1366 చుక్కల్ని టీవీ 1920 చుక్కల్లో సర్దుకోవాలి. భాగించి చూడండి, ఒక్కో చుక్కకి 1.4 చుక్కలు. ఏడు చుక్కల ముగ్గుని పది చుక్కలు పెట్టిన వాకిట్లో వెయ్యమంటే ఏమవుతుంది? గీత చుక్క మీదుగా పోదు, రెండు చుక్కల మధ్యలో పోతుంది. టీవీ కూడా అంతే, సరిగ్గా చుక్క మీద పడని గీతని అటు కొంచెం ఇటు కొంచెం బూడిద రంగులో పూసి సర్దేస్తుంది. ఫొటో అయితే మనకి తెలియదు. 'ఎక్స్' మీద కూర్చున్న చిన్న 2 అయితే ఆ పూతలోనే కలిసిపోతుంది.

కాబట్టి మనకి కావలసింది ఒక్కటే. ల్యాప్‌టాప్ పంపిన ప్రతి చుక్కా టీవీలో ఒకే ఒక్క చుక్క మీద పడాలి, సగం ఇక్కడ సగం అక్కడ పడకూడదు. కింద చెప్పేవన్నీ దీనికోసమే.

ల్యాప్‌టాప్‌లో విండోస్ కీ పట్టుకుని 'పి' నొక్కండి. నాలుగు ఆప్షన్లు వస్తాయి. డూప్లికేట్ వదిలేసి ఎక్స్‌టెండ్ పెట్టండి. తర్వాత డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే 1, 2 అని రెండు డబ్బాలు కనబడతాయి. టీవీ ఏదో దాని మీద నొక్కి, రిజల్యూషన్ 1920×1080 పెట్టండి, పక్కన రికమెండెడ్ అని కూడా రాసి ఉంటుంది. ఇంకొంచెం కిందికెళ్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ ఉంటుంది, అది తప్పకుండా తెరిచి చూడండి. అక్కడ డెస్క్‌టాప్ రిజల్యూషన్ అని ఒకటి, యాక్టివ్ సిగ్నల్ రిజల్యూషన్ అని ఒకటి, రెండు లైన్లుంటాయి. మొదటిది మీరు అడిగింది, రెండోది నిజంగా తీగలో పోతున్నది. రెండూ 1920×1080 ఉండి, రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు పోతున్నాయో ఆ లెక్క, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటే (59 అని చూపించినా టెన్షన్ పడకండి, అదీ ఇదీ ఒకటే అనుకోండి) ల్యాప్‌టాప్ వైపు పని అయిపోయినట్టే.

ఎక్స్‌టెండ్ మీలాంటి టీచర్లకి ఇంకో రకంగా కూడా మేలు. పిల్లలకి టీవీలో నోట్స్ కనబడుతుంటే మీ ముందున్న ల్యాప్‌టాప్‌లో జవాబుల పేజీ తెరిచి పెట్టుకోవచ్చు, వాట్సాప్‌లో చుట్టాల గుడ్ మార్నింగులు క్లాసంతా చదవక్కర్లేదు. మొదటి రెండు రోజులు కిటికీలు ఏ తెరలోకి పోయాయో వెతుక్కుంటారు, అది అందరికీ జరిగేదే. విండోస్ కీ, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడి బాణమో ఎడమ బాణమో నొక్కితే ఆ కిటికీ ఈ తెర మీంచి ఆ తెర మీదికి దూకుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, ముందే చెప్పేస్తున్నాను. 1920×1080 పెట్టగానే టీవీలో అక్షరాలు శుభ్రంగానే ఉంటాయి కానీ చిన్నవైపోతాయి. అంతే, అయ్యో చిన్నవైపోయాయి అని మళ్ళీ రిజల్యూషన్ తగ్గించేస్తారు, అక్షరాలు పెద్దవై మళ్ళీ అలుక్కుపోతాయి, టీవీ బాలేదని తిట్టుకుంటారు. అక్షరం సైజు పెంచడానికి రిజల్యూషన్ ముట్టుకోకూడదు. అదే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాని పైనే స్కేల్ అని ఉంటుంది, 100 శాతం ఉన్నదాన్ని టీవీకి మాత్రం 150 చేయండి. అప్పుడు విండోస్ అదే అక్షరాన్ని ఎక్కువ చుక్కలతో కొత్తగా గీస్తుంది, ఉన్నదాన్ని సాగదీయదు.

లెక్కల టీచరు కాబట్టి ఈ లెక్క మీకు నచ్చుతుందనుకుంటున్నా. 43 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు, దాన్ని 1920తో భాగిస్తే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. 12 పాయింట్ అక్షరాల్లో టైపు చేసిన ఎక్స్ స్క్వేర్‌లో ఆ 2 ఎత్తు, 100 శాతం స్కేల్‌లో, సుమారు ఏడు చుక్కలు, అంటే మూడున్నర మిల్లీమీటర్లు. చాప మీద పిల్లలు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే, అంత దూరం నుంచి మూడున్నర మిల్లీమీటర్లు కంటి దగ్గర చేసే కోణం ఒక డిగ్రీలో 60వ వంతుని మినిట్ అంటాం కదా, అలాంటివి ఐదు. కంటి డాక్టరు దగ్గర చార్టులో 6/6 అని ఒక వరస ఉంటుంది, చూపు బాగున్నవాళ్ళు చదవాల్సిన వరస, అందులో అక్షరాలు చేసే కోణం కూడా సరిగ్గా ఐదు మినిట్లే. అంటే మీరు రోజూ సాయంత్రం గంటన్నర సేపు మీ పిల్లలకి, అదీ అలుక్కుపోయిన అక్షరాలతో, కంటి పరీక్ష పెడుతున్నారన్నమాట! వాళ్ళు స్క్వేరా క్యూబా అని అడగడంలో తప్పేమీ లేదు. స్కేల్ 150 పెట్టి, వర్డ్‌లోనో పీడీఎఫ్‌లోనో జూమ్ ఇంకో మెట్టు పెంచితే హాయిగా చదువుతారు. పేజీకి ఎనిమిది లైన్లే పట్టినా పర్వాలేదు.

అల్లుడు గారి 4కే సంగతి కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. అర మిల్లీమీటరు చుక్క ఒక మినిట్ కోణం చేసేది సుమారు ఐదున్నర అడుగుల దగ్గర. అంతకన్నా వెనక కూర్చున్నవాళ్ళకి మామూలు చూపుతో పక్కపక్క చుక్కలు విడిగా కనబడవు, ఇక ఆ చుక్కని నాలుగు ముక్కలు చేసి 4కే అంటే ఎవరికి ఉపయోగం? 55 అంగుళాలంటే బొమ్మ పెద్దదవుతుంది, నిజమే, 43తో పోలిస్తే పావు వంతు పైన. స్కేల్ 150 పెడితే అంతకన్నా ఎక్కువే పెద్దదవుతుంది, పైసా ఖర్చు లేకుండా. క్రికెట్ కోసం కొంటానంటే అది వేరే సంగతి, నేను మధ్యలో రాను.

ఇప్పుడు టీవీ వైపుకొద్దాం. అసలు దొంగ ఇక్కడున్నాడు.

కింద పట్టీ సగమే కనబడుతోందన్నారు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు, ఇది డబ్బా టీవీల కాలం నుంచి వచ్చిన అలవాటు. వేసవిలో సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు బొమ్మ కుంచించుకుపోయి చుట్టూ నల్ల అంచు కనబడేది, గుర్తుందా? అది కనబడకుండా ఉండటానికని టీవీలు బొమ్మని తెర కన్నా కాస్త పెద్దదిగా సాగదీసి అంచులు తెర బయటికి పోయేలా చేసేవి, చానెళ్ళవాళ్ళు కూడా అందుకు తగ్గట్టే పేర్లూ అంకెలూ అంచులకి దూరంగా వేసేవాళ్ళు. డబ్బా టీవీ పోయింది, పిక్చర్ ట్యూబు పోయింది, ఈ అలవాటు మాత్రం ఫ్లాట్ టీవీలకి కూడా అంటుకుంది. మీ టీవీ ఒక్కో వైపు రెండున్నర శాతం కత్తిరిస్తోందనుకోండి, 1920లో మిగిలేది 1824, వాటిని మళ్ళీ 1920కి సాగదీస్తుంది. అంటే ల్యాప్‌టాప్‌లో మీరు ఎంత సరిగ్గా పెట్టినా టీవీ మళ్ళీ ముగ్గు చెరిపేస్తుంది.

దీన్ని ఆపేది రిమోట్‌తోనే. పిక్చర్ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజు, యాస్పెక్ట్ రేషియో, స్క్రీన్ అలాంటి పేరుతో ఒక చోటు ఉంటుంది. శాంసంగ్‌లో 'స్క్రీన్ ఫిట్' అనో 'ఫిట్ టు స్క్రీన్' అనో, ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్' అని, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద 'ఫుల్ పిక్సెల్' అని ఉంటుంది. వేరే కంపెనీలదైతే ఆ మెనూలో ఒక్కోటీ మారుస్తూ చూడండి, దేన్ని పెట్టినప్పుడు పట్టీ మొత్తం, కుడి మూల గడియారంతో సహా, అంచు దాకా వచ్చి ఆగుతుందో అదే మీకు కావలసింది. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో కూడా బొమ్మని చుట్టూ కాస్త కుదించే ఏర్పాటు ఉంటుంది, తెలిసిన కుర్రాళ్ళెవరైనా వచ్చి అది జరిపి చూశారా సరిపోయింది అంటారు, ఒప్పుకోకండి. అది ల్యాప్‌టాప్‌లో ఒకసారి కుదించి టీవీలో ఒకసారి సాగదీయడం. పట్టీ కనబడుతుంది కానీ అక్షరం రెండుసార్లు నలుగుతుంది.

ఈ విషయం నేను డబ్బులిచ్చి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం మా ఇంట్లో పెళ్ళి ఫొటోలు టీవీలో పెడితే అందరి తలలూ పైన కొంచెం తెగిపోతున్నాయి, కింద ఫైల్ పేర్లు మసకగా ఉన్నాయి. కేబుల్ మార్చాలని షాపులో చెబితే 1,800 పెట్టి లావుపాటి కేబుల్, దాని మీద వల అల్లిక, రెండు చివరలా బంగారు పూత ఉన్నది తెచ్చాను. పెట్టి చూస్తే అవే తెగిన తలలు. తిరిగి తీసుకెళ్తే టీవీ పాతది సార్ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మా అన్నయ్య కొడుకు, అప్పుడు ఎనిమిదో క్లాసు, రిమోట్‌తో ఆడుకుంటూ ఏదో నొక్కితే తలలన్నీ తిరిగొచ్చాయి. ఆ కేబుల్ ఇప్పటికీ ఉంది, బాగానే పనిచేస్తుంది, 200 రూపాయల కేబుల్ ఎంత బాగా పనిచేస్తుందో అంతే బాగా.

హెచ్‌డీఎంఐలో పోయేది అంకెలు, పాత యాంటెన్నా వైరులో పోయినట్టు బొమ్మ కాదు. కేబుల్ బాగుంటే అంకెలు చేరతాయి, బాగోలేకపోతే చేరవు. చేరనప్పుడు తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి, ఉండుండి ఒక్క క్షణం తెర నల్లగా అయిపోతుంది, లేదా నో సిగ్నల్ అంటుంది. అక్షరాలు మసకబారడం, అంచులు తెగడం, నలుపు బూడిదగా కనబడటం, ఇవేవీ కేబుల్ చెయ్యలేదు. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కి సెకనుకి సుమారు నాలుగున్నర గిగాబిట్లు చాలు, హై స్పీడ్ అని రాసి ఉన్న మామూలు కేబులే పది దాకా మోస్తుంది. బంగారు పూత తుప్పు పట్టకుండా ఉండటానికి పనికొస్తుంది, బొమ్మకి కాదు.

సరే, ఎర్ర అక్షరాల సంగతి. మన కన్ను వెలుగు తేడాని పట్టినంత బాగా రంగు తేడాని పట్టలేదు. అందుకని వీడియోలో వెలుగుని ప్రతి చుక్కకీ విడిగా దాచి, రంగుని మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాస్తారు. సినిమాకి ఇది చక్కగా సరిపోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. చాలా టీవీలు ఏ వైరులోంచి ఏం వచ్చినా ఇలాగే రంగుని పలచన చేసేస్తాయి. నల్ల అక్షరం తెల్ల కాగితం మీద ఉంటే బతికిపోతుంది, అక్కడ తేడా అంతా వెలుగులోనే కాబట్టి. నీలం మీద ఎరుపులో వెలుగు తేడా తక్కువ, రంగు తేడాయే ఎక్కువ, ఆ రంగే పలచనైపోయింది. అందుకే ముద్ద.

టీవీకి ఇది కంప్యూటర్ అని చెప్పాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ చాలా శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో సోర్స్ లిస్టులోకి వెళ్ళి ఆ హెచ్‌డీఎంఐ పేరు మార్చి 'పీసీ' అని పెడితే చాలు, ఎల్‌జీలో అయితే పక్కన బొమ్మ కూడా పీసీది ఎంచుకోవాలి. ఒట్టి పేరు అనుకుంటాం, కానీ ఆ పేరు చూసే టీవీ తన వంటలన్నీ ఆపేసి వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది. సోనీలో పిక్చర్ మోడ్ గ్రాఫిక్స్ లేదా గేమ్ పెట్టండి. కొన్ని పాత టీవీల్లో వెనక ఒక పోర్టు దగ్గర హెచ్‌డీఎంఐతో పాటు డీవీఐ అనో పీసీ అనో రాసి ఉంటుంది, అలాంటిది ఉంటే వైరు దానికే పెట్టండి. పని అయిందో లేదో తెలుసుకోవడానికి పెయింట్‌లో నీలం నింపి దాని మీద ఎర్రగా చిన్న అక్షరాల్లో ఏదైనా రాసి, దగ్గరికెళ్ళి చూడండి. అంచులు కత్తితో కోసినట్టుంటే అయినట్టు, పళ్ళు అరిగిన దువ్వెనలా ఉంటే కానట్టు. ఏ మోడ్‌లోనూ కాని టీవీలు కూడా ఉన్నాయి. మీదీ అలాంటిదైతే నీలం స్లైడ్‌లు మానేసి తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు పెట్టేయండి, నిజం చెప్పాలంటే అదే మేలు.

అక్కడే ఉన్నారు కాబట్టి షార్ప్‌నెస్ కూడా తగ్గించండి. పెంచితే స్పష్టంగా ఉంటుందని అందరం పెంచుతాం. అది చేసేదల్లా ప్రతి గీత పక్కనా ఇంకో తెల్ల గీత గీయడం. నల్ల అక్షరం చుట్టూ దెయ్యంలా తెల్లటి నీడ కనబడుతోందంటే కారణం అదే. చాలా టీవీల్లో సున్నా దగ్గర పెడితే ఆ నీడ పోతుంది, సోనీ బ్రావియాల్లో మాత్రం మధ్యలోని 50 దగ్గర. డైనమిక్, వివిడ్ అనే మోడ్లు షోరూంలో పక్క టీవీ కన్నా మెరవడానికి పెట్టినవి, హాల్లో వద్దు.

నలుపు బూడిదగా ఉండటం వేరే గొడవ. కంప్యూటర్ నలుపుని 0 అని, తెలుపుని 255 అని రాస్తుంది. టీవీ లోకంలో నలుపు 16, తెలుపు 235. ల్యాప్‌టాప్ 16 అని నలుపు పంపితే, టీవీ అది సున్నా నుంచి లెక్కపెట్టి కొంచెం వెలుగుందనుకుని బూడిద రంగు చూపిస్తోంది, మీకు జరుగుతున్నది ఇదే. అటు ఇటు అయితే ఉల్టా జరుగుతుంది, 0 నుంచి 15 దాకా ఉన్న చీకటి ఛాయలన్నీ కలిసిపోయి హీరోయిన్ జడ మొత్తం ఒకటే నల్ల ముద్ద అయిపోతుంది. టీవీలో బ్లాక్ లెవెల్ అనో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో ఉంటుంది, ఒకసారి మార్చి చూడండి. అది లేకపోతే ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ తెరవండి, ఇంటెల్‌ది అయితే క్వాంటైజేషన్ రేంజ్ అని, ఎన్విడియాది అయితే అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని, ఫుల్, లిమిటెడ్ రెండు మాటలుంటాయి. పీసీ అని పేరు పెట్టిన టీవీకి ఫుల్ సరిపోవాలి. పరీక్ష కావాలంటే పెయింట్‌లో మొత్తం నలుపు నింపి, మధ్యలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 15 చొప్పున పెట్టి ఒక డబ్బా గీసి, లైటు ఆర్పి చూడండి. చుట్టూ నలుపు నల్లగా ఉండి, డబ్బా లీలగా కనబడాలి. ఇక్కడ బ్రైట్‌నెస్ పెంచి తగ్గించి సరిచేద్దామని కూర్చుంటే రాత్రంతా కూర్చోవాల్సిందే.

చివరగా స్టార్ట్ దగ్గర క్లియర్‌టైప్ (విండోస్‌లో అక్షరాలు స్పష్టంగా కనబడేలా చేసే ఏర్పాటు) అని వెతికి ఆ చిన్న పరీక్ష టీవీ తెరకి కూడా ఒకసారి చేయండి, నాలుగైదు నమూనాల్లో ఏది బాగుందో నొక్కడమే.

వైరు పెట్టేటప్పుడు ఒక మాట. ల్యాప్‌టాప్ చార్జర్ రెండు పిన్నులదైతే, లేదా ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే, ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమంటుంది. ఆ కొంచెం లీకేజీ వైరు గుచ్చే క్షణంలో పోర్టుకి మంచిది కాదు. టీవీ స్విచ్చి ఆపి, చార్జర్ తీసేసి వైరు పెట్టండి, ఆ తర్వాత అన్నీ వేసుకోండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు పోటీపడి వైరు గుచ్చే ఇంట్లో ఇది మరీ అవసరం.

మీ ఉత్తరంలో లేకపోయినా ఇది చదివే వేరేవాళ్ళ కోసం రెండు ముక్కలు. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ ఉన్నవాళ్ళకి చుక్కకి చుక్క కుదర్చడం కష్టం. వాటి తెర చాలావరకు 1366×768, హెచ్‌డీఎంఐలో అవి అడిగేదేమో 1280×720 లేదా 1920×1080, రెండూ తెరకి సరిపోవు. లిస్టులో 1360×768 కనబడితే అదే పెట్టండి (1366 ఎనిమిదితో భాగించబడదు, 1360 భాగించబడుతుంది, అందుకే ఆ ఆరు చుక్కలు వదిలేస్తారు). డబ్బా మీద ఫుల్ హెచ్‌డీ సపోర్ట్ అని ఉంటే మోసపోకండి, ఆ సిగ్నల్ తీసుకుంటుందని అర్థం, తెర అంత ఉందని కాదు. 4కే టీవీ ఉన్నవాళ్ళకి మౌస్ బాణం నీళ్ళలో ఈదుతున్నట్టు వెనకబడి కదులుతుంటే, రిఫ్రెష్ రేట్ 30కి పడిపోయిందని అనుమానించండి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 నుంచే 4కే 60 హెర్ట్జ్ పోతుంది, అంతకు ముందు 1.4లో 30తో ఆగిపోయేది. పాత ల్యాప్‌టాప్‌లూ, చవక టైప్ సీ అడాప్టర్లూ చాలావరకు ఆ పాత లెక్కలోనే ఉంటాయి. టీవీలో కూడా ఆ పోర్టుకి ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ ఇలాంటి పేరున్నది ఆన్ చెయ్యాలి. వైరు లేకుండా పంపడం ఫొటోలకీ పాటలకీ బానే ఉంటుంది కానీ, అందులో బొమ్మని నొక్కి కుదించి పంపుతారు, లెక్కల క్లాసుకి వద్దేవద్దు.

ఇక మీవారి సినిమాలు. సినిమా సెకనుకి 24 బొమ్మలు. మీ టీవీకి పోతున్నది సెకనుకి 60. 24తో 60ని భాగిస్తే రెండున్నర, సగం బొమ్మ చూపించలేం కాబట్టి ఒకదాన్ని మూడుసార్లు, తర్వాతదాన్ని రెండుసార్లు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు అలా చూపిస్తారు. మనుషులు మాట్లాడుకునే సీన్లో తెలియదు. కెమెరా మెల్లగా పక్కకి జరిగేటప్పుడు ఆ మూడు రెండు మూడు రెండు అడుగులే కుదుపులా కనబడతాయి. టీవీలో మోషన్‌ఫ్లో, ట్రూమోషన్, ఆటో మోషన్ ప్లస్ లాంటివి దీన్ని నున్నగా చేస్తామంటాయి కానీ, లేని బొమ్మల్ని మధ్యలో తయారుచేసి ఎంత పెద్ద సినిమానైనా మధ్యాహ్నం సీరియల్‌లా మార్చేస్తాయి, నాకైతే అస్సలు నచ్చదు, ఆపేస్తాను. సులువైన దారి, సినిమా మొదలుపెట్టే ముందు ఆ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే రిఫ్రెష్ రేట్ 60 తీసి 24 పెట్టడం. మీ టీవీ ఒప్పుకుంటే ఆ లిస్టులో 23 అనో 24 అనో ఉంటుంది. ఒక బొమ్మకి ఒక వంతు, కుదుపు ఉండదు. సౌండు టీవీలోంచి రాకపోతే కింద స్పీకర్ గుర్తు మీద నొక్కి టీవీ పేరు ఎంచుకోమనండి.

సినిమా అయ్యాక మాత్రం దాన్ని మళ్ళీ 60కి మార్చమని మీవారికి గట్టిగా చెప్పండి. మర్చిపోతే సోమవారం సాయంత్రం క్లాసులో మీరు మౌస్ కదిపిన కాసేపటికి బాణం కదులుతుంది, వెనక చాప వాళ్ళు ఈసారి దాని గురించి అడుగుతారు.